ఉప్పుకొండ కింది ఊరు: ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ చరిత్ర

ఆస్ట్రియా దేశంలో ప్రజలకు అన్నింటికంటే దగ్గరగా ఉండే ప్రభుత్వ వ్యవస్థను అక్కడివారు జర్మన్ భాషలో 'గెమైండే' అంటారు. మన దేశంలో గ్రామ పంచాయతీ వేరు, పురపాలక సంఘం వేరు. అక్కడ మాత్రం చిన్న పల్లెకైనా పెద్ద పట్టణానికైనా స్వపరిపాలనకు ఉన్న పేరు ఇదొక్కటే. 1849 నాటి చట్టంతో రూపుదిద్దుకుని, నేటి సమాఖ్య రాజ్యాంగంలో హక్కుగా స్థిరపడిన ఈ స్థానిక సంస్థలు ఆస్ట్రియాలో రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో పూర్వం సంత నిర్వహించుకునే హక్కును పాలకుల నుంచి పొందిన ఊళ్లను నేటికీ 'మార్క్ట్‌గెమైండే', అంటే సంత హక్కు గల గ్రామం అని వ్యవహరిస్తారు. ఎగువ ఆస్ట్రియా రాష్ట్రంలో గ్ముండెన్ జిల్లాకు చెందిన హాల్‌స్టాట్ అలాంటి ఊరే. ఎనిమిది వందల మంది కూడా లేని ఈ గ్రామం పేరును ఐరోపా చరిత్ర గ్రంథాలు ఒక యుగానికే పెట్టుకున్నాయి. అంత ఖ్యాతి ఆ ఊరికి ఎలా వచ్చిందో, దాని వెనుక ఎవరి శ్రమ ఉన్నదో తెలియాలంటే ముందు ఆ నేల స్వరూపాన్ని, ఆ నేల కింద ఉన్న ఉప్పును తెలుసుకోవాలి.

హాల్‌స్టాట్ గ్రామ విస్తీర్ణం సుమారు 60 చదరపు కిలోమీటర్లు. అందులో మనుషులు ఇల్లు కట్టుకోగలిగిన నేల బహు స్వల్పం, మిగిలినదంతా అడవి, బండరాయి, మంచు. దక్షిణాన 2,995 మీటర్ల ఎత్తున్న డాక్‌స్టైన్ శిఖరం, తూర్పున 125 మీటర్ల లోతున్న సరస్సు, పడమట నిట్టనిలువుగా లేచిన కొండ ఉండగా, ఆ కొండకూ నీటికీ మధ్య మిగిలిన ఇరుకైన అంచు మీద ఇళ్లు ఒకదానిపై ఒకటి ఎక్కినట్టు కనిపిస్తాయి. 1890లో కొండను పేల్చి ఒడ్డు వెంట దారి వేసేదాకా ఈ ఊరికి బండి బాట లేదు. వచ్చేవారు పడవలోనైనా రావాలి, కొండ బాటలు పట్టి కాలినడకనైనా రావాలి. పంట పండే నేల లేక, పెద్ద దారి లేక, శీతకాలంలో ఎండ కూడా సరిగా పడని ఇలాంటి చోట మనుషులు వేల ఏళ్లుగా ఉండిపోవడానికి ఒక్కటే కారణం కనిపిస్తుంది. ఊరికి దాదాపు 350 మీటర్ల ఎగువన, కొండల నడుమ దాగిన చిన్న లోయ అడుగున రాతి ఉప్పు ఉన్నది.

కోట్ల ఏళ్ల కిందట ఇంకిపోయిన సముద్రం మిగిల్చిన ఉప్పు, బంకమట్టి, జిప్సం కలిసి అక్కడి కొండ గర్భంలో పొరలుగా పేరుకున్నాయి. జింక కొమ్ముతో చేసిన పికాసు ఒకటి ఆ లోయలో దొరకడాన్ని బట్టి, క్రీ.పూ. 5000 ప్రాంతంలోనే మనుషులు ఉప్పు కోసం అక్కడికి చేరారని పరిశోధకులు భావిస్తున్నారు. క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో, అంటే కంచు యుగంలో, అది చెదురుమదురుగా సాగే తవ్వకంగా కాక, పెద్ద ఎత్తున పద్ధతి ప్రకారం నడిచే గనిగా మారింది. అప్పటి కార్మికులు నేలలోకి వంద మీటర్లకు పైగా నిలువు బావులు దింపి, ఉప్పు పొర తగిలిన చోట అడ్డంగా విశాలమైన గదులు తొలిచి, వంకర కర్ర పిడికి బిగించిన కంచు పికాసుతో ఉప్పును చిన్న చిన్న ముక్కలుగా పగలగొట్టి, చెక్క తొట్లలోకి ఎత్తి, పశువు తోలుతో కుట్టిన బుట్టసంచుల్లో వీపున వేసుకుని మోసేవారు. వెలుగు కోసం దేవదారు జాతి చెట్ల నుంచి చీల్చిన సన్నని పుల్లలను వెలిగించేవారు. కాలి మిగిలిన ఆ పుల్లలు వేలకు వేలుగా గనిలో నేటికీ పడి ఉన్నాయి.

అవి నేటికీ ఉండటమే హాల్‌స్టాట్ ప్రత్యేకత. మామూలు నేలలో కర్ర, తోలు, ఊలు, మనిషి మలం వంటివి కొద్దికాలానికే కుళ్లి మట్టిలో కలిసిపోతాయి కాబట్టి, పురావస్తు తవ్వకాల్లో సాధారణంగా రాయి, లోహం, కుండపెంకులు, ఎముకలు మాత్రమే బయటపడతాయి. ఉప్పు కుళ్లును అడ్డుకుంటుంది. పైగా కొండ ఒత్తిడికి పాత గదులు మూసుకుపోయి, వాటిలో కార్మికులు వదిలేసిన చెత్త అంతా ఉప్పుతో కలిసి రాయిలా గట్టిపడింది. తరువాతి కాలపు క్రైస్తవ గనికార్మికులు ఆ గట్టి పొరలు తగిలినప్పుడు, ఇవి క్రీస్తును ఎరుగని పూర్వుల పనుల గుర్తులని గ్రహించి, ఆ పొరకు 'అన్యమతస్థుల కొండ' అని అర్థమిచ్చే పేరు పెట్టుకున్నారు. 2003లో ఆ పొరల్లోనే చెక్క మెట్ల వరుస ఒకటి బయటపడింది. అందులోని దుంగల వార్షిక వలయాలను, అంటే చెట్టు ఏటేటా పెరిగిన గుర్తులను లెక్కించగా, ఆ చెట్లను నరికింది క్రీ.పూ. 1344, 1343 సంవత్సరాల్లో అని తేలింది. ఐరోపాలో చెక్కుచెదరకుండా మిగిలిన చెక్క మెట్లలో ఇంతకంటే పాతవి దొరకలేదు. ఈజిప్టులో టుటంఖామన్ గద్దెనెక్కడానికి కొంచెం ముందు, ఆల్ప్స్ కొండల్లో పేరు తెలియని వడ్రంగులు గాడి తీసిన రెండు పక్కదుంగల మధ్య మెట్ల పలకలు బిగించి, బరువు మోసే మనిషి కాలు జారకుండా ఉండేలా ఆ మెట్లను కట్టారు.

గని వదిలిన చెత్తలో ఆనాటి సమాజం కూడా కనిపిస్తుంది. పనిలో చిరిగిన బట్టల పీలికలు వందల కొద్దీ దొరికాయి. వాటిలో రంగులద్దిన ఊలు ఉన్నది, చారలు నేసిన పట్టీలు ఉన్నాయి. పసివాళ్ల తలకు మాత్రమే సరిపోయే తోలు టోపీ, చిన్న పాదాలకు కుట్టిన తోలు చెప్పులు కూడా దొరకడంతో, పిల్లలు కూడా గనిలోకి దిగేవారని స్పష్టమవుతున్నది. సమాధుల్లోని స్త్రీల, పిల్లల అస్థిపంజరాల మీద బరువులు మోసిన అరుగుదల గుర్తులు ఉన్నాయి. గనిలో విసర్జించిన మలాన్ని పరీక్షించి, వారు బార్లీ, గోధుమ, వరిగ, చిక్కుడు జాతి గింజలతో చేసిన ముద్ద లాంటి వంటకం తిన్నారని, వారి పేగుల్లో నులిపురుగుల వంటి పరాన్నజీవులు ఉండేవని చెప్పగలిగారు. 2021లో వెలువడిన ఒక పరిశోధన, సుమారు 2,700 ఏళ్ల నాటి నమూనాలో నీలిచారల జున్ను తయారీకి తోడ్పడే బూజు, బీరును పులియబెట్టే ఈస్ట్ రెండూ ఉన్నాయని నిరూపించింది. రాజుల శాసనాలను, యుద్ధ విజయాలను ఆధారం చేసుకుని చరిత్ర రాయడానికి అలవాటుపడినవారికి ఈ సాక్ష్యం విలువ వెంటనే తెలియకపోవచ్చు; కాని కూలి మనిషి ఏం తిన్నాడో, ఏం కట్టుకున్నాడో, అతని బిడ్డ ఏ వయసులో పనికి వెళ్లిందో ఇంత సూటిగా చెప్పగల చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ.

కంచు యుగపు గని, కొండ పైనుంచి జారిపడిన మట్టి, రాళ్ల కింద పూడిపోయింది. కొన్ని శతాబ్దాల తరువాత, ఇనుప యుగం తొలి దశలో, అదే లోయలో మరోచోట తవ్వకం మళ్లీ మొదలైంది. ఈసారి ఉప్పును ముక్కలుగా కాకుండా గోడ మీద హృదయాకారంలో గాడులు తీసి, పెద్ద పలకలుగా ఊడదీసే పద్ధతి వచ్చింది. మాంసాన్ని నెలల తరబడి నిల్వ ఉంచే ముఖ్య సాధనం ఉప్పే అయిన ఆ కాలంలో, దాన్ని చేతిలో పెట్టుకున్న ఊరికి దూరదేశాల సరుకు దానంతట అదే వచ్చి చేరింది. ఆ లోయలోని శ్మశానంలో బాల్టిక్ తీరపు అంబరు, ఆల్ప్స్ అవతల ఇటలీ వైపు నుంచి వచ్చిన కంచు పాత్రలు, ఏనుగు దంతంతో చేసి అంబరు పొదిగిన కత్తి పిడి దొరికాయి. శవాన్ని పూడ్చడం, దహనం చేసి బూడిదను పాతడం రెండూ పక్కపక్కనే సాగాయి. రోమన్లు వచ్చాక జనావాసం కొండ మీది నుంచి సరస్సు ఒడ్డున ఉన్న లాన్ అనే చదును నేలకు చేరింది. వారి తరువాతి కొన్ని శతాబ్దాల గురించి ఆధారాలు స్వల్పం.

మళ్లీ వెలుగు పడేది 13వ శతాబ్దం చివర. హాబ్స్‌బర్గ్ వంశానికి చెందిన ఆల్బ్రెక్ట్ 1284లో ఉప్పు లోయ ముఖద్వారం వద్ద ఒక బురుజు కట్టించి, దానికి తన తండ్రి రుడాల్ఫ్ పేరు పెట్టాడు. సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పుకు, ఆస్ట్రియా పాలకులకు ఉప్పు గురించి పోరు సాగిన కాలమది. ఆల్బ్రెక్ట్ హత్యకు గురైన తరువాత అతని భార్య ఎలిజబెత్ గనిని పునర్వ్యవస్థీకరించి, 1311లో హాల్‌స్టాట్‌కు సంత హక్కు ఇచ్చింది. అప్పటి నుంచి చుట్టుపక్కల ప్రాంతమంతా పాలకుల ఖజానాకు చెందిన సొంత ఆస్తిగా మారింది; 'సాల్జ్‌కామర్‌గుట్' అనే ప్రాంత నామానికి అర్థం కూడా అదే, ఉప్పు ఖజానా వారి ఎస్టేటు. అక్కడి మనిషి గనిలో దిగినా, అడవిలో చెట్టు కొట్టినా, పడవ నడిపినా ఖజానా కూలీయే. గని నుంచి రాతి ఉప్పును వీపున మోసి కిందికి దింపే పనిని స్త్రీలు 19వ శతాబ్దం చివరి దాకా చేశారు.

మధ్యయుగంలో తవ్వే పద్ధతి మారింది. కొండలో గదులు తొలిచి, వాటిలోకి మంచినీరు వదిలి, ఆ నీరు ఉప్పును కరిగించుకుని నాలుగోవంతుకు పైగా ఉప్పుతో చిక్కబడ్డాక, దాన్ని కిందికి పారించి, పెద్ద ఇనుప పెనాల్లో కాగబెట్టి ఉప్పు తీసేవారు. ఈ పద్ధతిలో మనిషి శ్రమ తగ్గినా, రాత్రింబగళ్లు మండే పొయ్యిలకు కట్టెలు కావలసి వచ్చాయి. రెండు మూడు శతాబ్దాలు గడిచేసరికి దగ్గరి అడవులు పొయ్యిలకు చాలలేదు. కట్టెలను ఉప్పునీటి దగ్గరికి తేవడం కంటే ఉప్పునీటినే కట్టెలున్న చోటికి పంపడం తేలికని ఖజానా అధికారులు నిర్ణయించి, 1595లో పని మొదలుపెట్టి, 1607 నాటికి హాల్‌స్టాట్ నుంచి ఇషల్ మీదుగా ట్రాన్ సరస్సు ఒడ్డునున్న ఎబెన్‌సే వరకు సుమారు 40 కిలోమీటర్ల గొట్టపు మార్గాన్ని పూర్తి చేశారు. గొట్టాలంటే లోహపువి కావు: సుమారు 13,000 చెట్ల మానులను మధ్యలో తొలిచి, ఒకదాని మొనను మరొకదాని నోట దూర్చి, కొండవాలు వెంట వాలు తప్పకుండా పరిచారు. పంపు లేదు, యంత్రం లేదు. నీరు తన బరువుతోనే పారింది, లోపలి ఉప్పు చెక్కను కుళ్లకుండా కాపాడింది. గోసావ్ వాగు వచ్చి పడే లోతైన చీలికను ఈ మార్గం ఎత్తైన రాతి స్తంభాల వంతెన మీదుగా దాటుతుంది. ఆ వంతెన 1757 నాటిది. చెక్క స్థానంలో కాలక్రమాన వేరే గొట్టాలు వచ్చాయి గాని, గని నుంచి ఉప్పునీరు నేటికీ ఎబెన్‌సేకే వెళుతున్నది. పారిశ్రామిక గొట్టపు మార్గాల్లో ప్రపంచంలోనే అత్యంత పురాతనమైనదిగా దీన్ని పేర్కొంటారు.

గొట్టాలు పరుస్తున్న సంవత్సరాల్లోనే ఆ కూలీల మీద మతం పేరిట దెబ్బ పడింది. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ బోధ గనికార్మికుల్లో గట్టిగా నాటుకుంది. హాబ్స్‌బర్గ్ పాలకులు వారిని తిరిగి కాథలిక్ మతంలోకి మళ్లించడానికి బలప్రయోగానికి దిగారు. 1601లో ఉప్పు కార్మికులు తిరగబడగా, 1602 ఆరంభంలో సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పు పంపిన సైనికులు ఆ తిరుగుబాటును అణచివేసి, నాయకులకు మరణశిక్ష వేశారు. ఆ తరువాత శతాబ్దానికి పైగా చాలా కుటుంబాలు పైకి కాథలిక్కులుగా ఉంటూ, ఇళ్లలో లూథర్ పుస్తకాలు దాచుకుని బతికాయి. 1734లో ఆరవ చార్లెస్ చక్రవర్తి ప్రభుత్వం వారిలో పట్టుబడినవారిని, ఒప్పుకున్నవారిని సాల్జ్‌కామర్‌గుట్ నుంచి సామ్రాజ్యపు తూర్పు అంచున ఉన్న ట్రాన్సిల్వేనియాకు తరలించడం ప్రారంభించింది.

ఆ 1734లోనే హాల్‌స్టాట్ గనిలో ఒక భాగం కూలి, రాతికి అతుక్కుపోయిన మనిషి శవం బయటపడింది. ఉప్పు వల్ల చెడిపోకుండా ఉన్న ఆ శవం వెంట పాత బట్టల పీలికలు, చెప్పులు ఉన్నాయి. వేల ఏళ్ల కిందట గని కూలినప్పుడు చిక్కుకుపోయిన కార్మికుడని ఇప్పుడు భావిస్తున్నారు. ఆనాటి ఊరివారు, అతడు క్రైస్తవుడు కాడని భావించి, శ్మశానంలో చర్చి సంస్కారానికి నోచుకోనివారి కోసం విడిచిన మూలలో పాతిపెట్టారు. ఒకే సంవత్సరంలో, సరైన మతం కాదన్న కారణం మీద బతికి ఉన్న కార్మికులను దేశం దాటించడమూ, అదే కారణం మీద అదే పని చేసిన పూర్వుడిని ఓ మూలకు నెట్టడమూ జరిగాయి. హాల్‌స్టాట్ చరిత్రలో ఇంతకంటే బాధాకరమైన ఘట్టం లేదు. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1781లో మత సహన శాసనం జారీ చేశాక లూథర్ అనుయాయులు చట్టబద్ధంగా ఆరాధించుకోగలిగారు. సరస్సు ఒడ్డున నేడు ప్రతి చిత్రంలోనూ కనిపించే సన్నని శిఖరం వారు 1863లో పూర్తి చేసుకున్న చర్చిదే.

ఊరి మధ్యభాగం 1750లో అగ్నిప్రమాదానికి ఆహుతై, సంత కూడలి చుట్టూ ఇళ్లు కొత్తగా కట్టబడ్డాయి. మంటలకు చిక్కకుండా నిలిచిన మేరీమాత కాథలిక్ చర్చి కొండవాలు మీద ఉన్నది. అందులో 16వ శతాబ్దం తొలినాళ్లలో లీన్‌హార్ట్ ఆస్టల్ అనే శిల్పి చెక్కిన రెక్కల బలిపీఠం ఉన్నది, అంటే తలుపుల్లా తెరిచి మూసే చెక్కిన పలకలతో కూడిన పూజావేదిక. ఆ చర్చి పక్కనే సెయింట్ మైకేల్ ప్రార్థనా మందిరం కింద ఎముకల గది ఉన్నది. శ్మశానానికి దొరికిన నేల చాలనందున, పూడ్చిన పది పదిహేనేళ్లకు సమాధిని మళ్లీ తెరిచి, ఎముకలను తీసి ఆ గదిలో పేర్చి, ఆ చోటును మరొకరికి ఇచ్చేవారు. తీసిన పుర్రెను కడిగి, ఎండలోనూ వెన్నెలలోనూ వారాల తరబడి ఆరబెట్టి, తెల్లబడ్డాక నుదుటి మీద చనిపోయినవారి పేరు, తేదీ రాసి, చుట్టూ ఐవీ తీగ, ఓక్ ఆకులు, గులాబీలు చిత్రించే ఆచారం 18వ శతాబ్దంలో మొదలైంది. ఉన్న 1,200 పుర్రెల్లో 610 దాకా ఇలా చిత్రించినవే. ఒకే కుటుంబం వారిని పక్కపక్కనే పేర్చారు. చివరిగా 1995లో, పన్నెండేళ్ల కిందట మరణించిన ఒక స్త్రీ పుర్రెను ఆమె కోరిక ప్రకారమే అక్కడ చేర్చారు. భయం గొలిపే వింతగా దీన్ని వర్ణించేవారు ఉన్నారు. నిజానికి ఇది నేల కరువైన చోట పోయినవారి పేరు పోకుండా చూసుకున్న ప్రేమ.

ఈ ఊరికి ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు కూడా గని ఉద్యోగే. 1795లో పుట్టి, చిన్నవయసులోనే గని పనిలో చేరి, క్రమంగా గని అధికారి అయిన యోహాన్ గెయోర్గ్ రామ్‌సావర్, 1846లో ఉప్పు లోయలో కంకర తీయిస్తుండగా పాత సమాధులు బయటపడటం గమనించాడు. నిధి దొరికిందని దోచుకునే కాలమది. ఆయన అలా చేయక, 1863 వరకు 980 సమాధులను ఒక్కొక్కటిగా తెరిపించి, వాటికి సంఖ్యలు వేసి, ఏ వస్తువు శవానికి ఏ వైపున ఎలా ఉన్నదో నమోదు చేశాడు. సహాయకుడైన ఇసిడోర్ ఎంగల్ ఆ సమాధులను నీటిరంగుల్లో చిత్రించాడు. విశ్వవిద్యాలయం మెట్లెక్కని ఇద్దరు గని ఉద్యోగుల ఈ రికార్డు లేకపోతే, ఆ శ్మశానం గురించి నేడు తెలిసినదానిలో అధికభాగం తెలిసేదే కాదు. ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి, ఎలిజబెత్ మహారాణి 1856లో వచ్చి తవ్వకాన్ని చూశారు. 1874లో స్వీడన్ పురావస్తు పండితుడు హాన్స్ హిల్డెబ్రాండ్ ఐరోపా ఇనుప యుగాన్ని రెండు దశలుగా విభజించి, మొదటిదానికి ఈ ఊరి పేరు పెట్టాడు. అప్పటి నుంచి తూర్పు ఫ్రాన్స్ మొదలు పశ్చిమ హంగరీ దాకా క్రీ.పూ. 800, 450 మధ్య వర్ధిల్లిన జనజీవనాన్ని 'హాల్‌స్టాట్ సంస్కృతి' అంటున్నారు. రామ్‌సావర్ కూడా అదే 1874లో కన్నుమూశాడు. వియన్నాలోని ప్రకృతి చరిత్ర మ్యూజియం పండితులు ఆ లోయలోనూ గనిలోనూ నేటికీ పరిశోధన సాగిస్తున్నారు.

1877లో సరస్సు అవతలి ఒడ్డుకు రైలు వచ్చింది. స్టేషనులో దిగినవారు పడవ ఎక్కి ఊరు చేరుకోవడం ఇప్పటికీ ఉన్నది. చెక్కపని నేర్పే పాఠశాల 1873లో ఏర్పడి, వృత్తివిద్యా కేంద్రంగా కొనసాగుతున్నది. 1966లో కొండలో సొరంగ మార్గం తవ్వి, వాహనాలను ఊరి వెలుపల మళ్లించారు. 1997లో హాల్‌స్టాట్, డాక్‌స్టైన్ ప్రాంతం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 2006లో కొరియా టెలివిజన్ ధారావాహిక ఒకటి ఇక్కడ చిత్రీకరించబడటంతో ఆసియా యాత్రికులు పెరిగారు. 2012లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక నిర్మాణ సంస్థ ఈ ఊరి కూడలిని, చర్చి శిఖరాన్ని పోలిన నకలు ఊరినే కట్టి తెరిచింది. ఆ తరువాత రద్దీ అదుపు తప్పింది: 2018లో 19 వేలకు పైగా పర్యాటక బస్సులు వచ్చాయి, వేసవిలో కొన్ని రోజులు పది వేల మంది దాకా వస్తారు. బస్సులు ముందుగా వేళ కేటాయించుకుని రావాలన్న నియమం 2020లో వచ్చింది. 2023 మే నెలలో, ఫొటోల కోసం గుమికూడే చోట అడ్డంగా చెక్క కంచె కట్టి, విమర్శలు రావడంతో తీసివేశారు. అదే ఏడాది ఆగస్టులో ఊరివారు సొరంగం ముందు బైఠాయించి, రోజుకు ఇంతమందే రావాలని పరిమితి పెట్టాలని, సాయంత్రం 5 తరువాత బస్సులు రాకూడదని కోరారు.

ఈ కోరికలు న్యాయమైనవి. చారిత్రకంగా ఈ గ్రామం తన కొండలోని సరుకును బయటికి పంపి బతికింది. ఇప్పుడు తన ముఖాన్ని చూపి బతకవలసి వస్తున్నది. పర్యాటకం వల్ల గ్రామానికి ఆదాయం ఉన్నమాట నిజమే. అయితే ఆ ఆదాయం వల్ల ఊళ్లో జనం పెరగలేదు, గత అర్ధశతాబ్దంలో తగ్గుతూనే వచ్చారు. లక్షలాది మంది తొక్కే బాటలను శుభ్రం చేయడం, చెత్త ఎత్తించడం, మురుగు పారించడం ఏడెనిమిది వందల మంది ఎన్నుకున్న చిన్న స్థానిక మండలి భుజాల మీద పడుతున్నది. వారసత్వ జాబితాలో చేర్చిన అంతర్జాతీయ సంస్థకూ, ప్రచారం చేసే పర్యాటక సంస్థలకూ ఈ భారంలో వాటా ఉండాలి. రోజువారీ పరిమితి విధించే అధికారం గ్రామానికి ఉండాలి.

ఐరోపా యాత్రకు వెళ్లే తెలుగువారిలో హాల్‌స్టాట్ చూడదలచినవారు ఉంటే, బస్సు దిగి ఒడ్డున ఫొటో తీసుకుని గంటలో వెనుదిరగవద్దు. వీలైతే రైలులో వెళ్లి పడవ మీద ఊరు చేరండి. ఒక రాత్రి అక్కడే బస చేసి, మరునాడు ఉప్పు లోయకు ఎక్కి గనిని, ఆ మెట్లను చూడండి. ఇళ్ల కిటికీల్లోకి, గుమ్మాల్లోకి కెమెరా తిప్పకండి, ఎందుకంటే అవి ప్రదర్శనశాలలు కావు, కాపురాలు.